అమెరికాలో అయిదెకరాల సాగు: నీటి హక్కులు, డ్రిప్పు సాయం, నియమాలపై తరచూ అడిగే ప్రశ్నలు

ఉద్యోగం చేసుకుంటూనే ఊరి బయట అయిదో పదో ఎకరాలు కొన్న తెలుగువాళ్ళు ఇప్పుడు టెక్సస్‌లో, జార్జియాలో, కాలిఫోర్నియాలో కనిపిస్తున్నారు. గోంగూర, బెండ, బీర, దోస, మునగ వేస్తున్నారు. కొందరు వారాంతపు సంతల్లో అమ్ముతున్నారు కూడా. రెండు వేసవులు గడిచేసరికి అందరి బెంగా నీళ్ళ మీదికే వస్తుంది. ఎండలు ముదురుతున్నాయి. వాన ఒక్కసారిగా కురిసి, ఆ తర్వాత నెలల తరబడి ముఖం చాటేస్తోంది. డ్రిప్పు వేస్తే మేలని అందరికీ తెలుసు. అయితే ఈ దేశంలో పైపు కొనడానికి ముందు చూసుకోవలసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. మొదట నీటి హక్కు, తర్వాత పొలం నమోదు, ఆ తర్వాత సాయం ఒప్పందం, అన్నీ అయ్యాకే పైపు. ఈ వరుస తప్పితే చేతిలో డబ్బూ పోతుంది, రావలసిన సాయమూ పోతుంది.

నాకున్నవి నాలుగెకరాలే. అమెరికా ప్రభుత్వం నన్ను రైతుగా లెక్కలోకి తీసుకుంటుందా?

తీసుకుంటుంది. ఏడాదికి 1,000 డాలర్ల పంట అమ్మినా, మామూలుగా అయితే అంత అమ్మగలిగే సాగు ఉన్నా, వ్యవసాయ శాఖ లెక్కలో అది పొలమే. 2022 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో దాదాపు 19 లక్షల పొలాలున్నాయి. సగటు విస్తీర్ణం 463 ఎకరాలు. ఆ సగటు చూసి మనది ఒక సాగేనా అని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఏడాది రాబడి మూడున్నర లక్షల డాలర్లకు లోపుంటే ఇక్కడి లెక్కలో చిన్న కుటుంబ సాగే. దేశంలో అత్యధిక పొలాలు ఆ కోవలోవే.

మొదటి పని పొలానికి నంబరు తెచ్చుకోవడం. మీ కౌంటీకి చెందిన ఎఫ్‌ఎస్‌ఏ (వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) కార్యాలయానికి దస్తావేజు లేదా కౌలు ఒప్పందం, గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు పట్టుకెళ్ళండి. కంపెనీ పేరున కొన్నవాళ్ళు ఆ కంపెనీ పన్ను నంబరూ పత్రాలూ తీసుకెళ్ళాలి. అక్కడివాళ్ళు పటం మీద మీ పొలం హద్దులు గీసి నంబరు ఇస్తారు. దానికి రుసుము లేదు. అప్పుకైనా, పంట నష్టానికైనా, డ్రిప్పు సాయానికైనా మొదట అడిగేది ఆ నంబరే.

భూమి నాదైతే కింది నీళ్ళూ నావే కదా?

మన వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జవాబు మీ పొలం ఏ రాష్ట్రంలో ఉందన్న దాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది.

టెక్సస్‌లో భూగర్భ జలం భూయజమానిదే. 1904లో ఒక రైల్వే కంపెనీ బోరు వల్ల పక్కవాడి బావి ఎండిపోతే, తన భూమిలో తోడుకునే హక్కు కంపెనీకి ఉందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2012లో ఎడ్వర్డ్స్ జలాశయ సంస్థకూ డే అనే రైతుకూ మధ్య నడిచిన కేసులో, నేలలో ఉన్న నీటి మీద కూడా యజమానికి ఆస్తి హక్కు ఉందని అదే కోర్టు తేల్చింది. వినడానికి ఇది హాయిగా ఉంటుంది. కానీ చిన్న రైతుకు ఇది రెండువైపులా పదునున్న కత్తి. పక్క పొలం పెద్దాయన మీ కంటే లోతుగా, మీ కంటే పెద్ద మోటారు దించితే మీ బోరు ఒట్టిపోతుంది, దావా వేసినా నిలవడం కష్టం. దీనికి అడ్డుకట్టగా రాష్ట్రంలో చాలా చోట్ల భూగర్భ జల సంరక్షణ డిస్ట్రిక్టులు ఏర్పడ్డాయి. డల్లాస్‌కు ఉత్తరాన కాలిన్, డెంటన్, కుక్ కౌంటీలకు ఒకటుంది. బోరుకూ బోరుకూ మధ్య ఎడం, నమోదు, పర్మిట్ లాంటివి ఆ డిస్ట్రిక్టులే చూస్తాయి. 10 ఎకరాలకు మించిన స్థలంలో ఇంటి వాడకానికో పశువులకో వేసిన బోరు రోజుకు 25,000 గాలన్లకు మించి తోడలేనిదైతే రాష్ట్ర చట్టం దానికి పర్మిట్ అడగదు. ఇందులో అమ్మకానికి వేసే కూరగాయల మాట లేదని గమనించండి. డ్రిల్లింగ్ వాళ్ళకు అడ్వాన్సు ఇవ్వకముందే డిస్ట్రిక్టుకు ఫోన్ చేసి పంట కోసమని స్పష్టంగా చెప్పి అడగండి.

అరిజోనా దీనికి పూర్తిగా భిన్నం. 1980 భూగర్భ జల చట్టం ఫీనిక్స్, టూసాన్ చుట్టుపక్కల ప్రాంతాలను ప్రత్యేక నిర్వహణ కిందికి తెచ్చింది. అక్కడ 1975 మొదలు 1980 దాకా తడి పారిన భూమికే తడి హక్కు. ఆ హక్కు లేని చోట రెండెకరాలకూ ఆ పైనా కొత్తగా నీరు పెట్టి పంట తీయడం చట్టవిరుద్ధం. ఎకరం చవకగా వచ్చిందని సంబరపడి కొనేముందు, ఆ భూమికి తడి హక్కు దస్తావేజు ఉందా అని అమ్మేవాణ్ణి అడగడం తప్పనిసరి.

జార్జియాలో చిన్న సాగుకు ఇంత తలనొప్పి లేదు. నెల సగటున రోజుకు లక్ష గాలన్లు దాటి తోడితేనే పర్మిట్ కావాలి. తూర్పు రాష్ట్రాల్లో ఏటి ఒడ్డు భూమి ఉన్నవాడికి ఏటి నీటిని సమంజసంగా వాడుకునే హక్కు ఉంటుంది.

కాలిఫోర్నియాలో నాది చిన్న బోరు. కొత్త భూగర్భ జల చట్టం నాకూ వర్తిస్తుందా?

2014 సెప్టెంబరులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకంతో వచ్చిన ఆ చట్టాన్ని అక్కడివాళ్ళు సిగ్మా అంటారు. నీటిమట్టం అడుగంటిన ప్రాంతాల్లో స్థానిక సంస్థలు ప్రణాళికలు వేసుకుని, అతిగా తోడేసిన చోట్ల 2040 నాటికీ, మిగతా ముఖ్యమైన చోట్ల 2042 నాటికీ తోడివేతను నిలకడకు తేవాలన్నది దాని ఉద్దేశం. ఏడాదికి రెండు ఎకరా-అడుగుల లోపు నీటిని ఇంటి అవసరాలకు మాత్రమే వాడేవాళ్ళను చట్టం చాలా మటుకు వదిలేసింది. ఎకరా-అడుగు అంటే ఎకరం నేల మీద అడుగెత్తు నిలిచే నీళ్ళు, సుమారు 3,25,850 గాలన్లు. ఆ సడలింపు ఇంటి వాడకానికే. అమ్మకానికి పంట వేసే అరెకరం రైతు కూడా దాని కిందికి రాడు. మీటరు పెట్టమనడం, ఎకరానికి ఇన్ని నీళ్ళని కోటా కట్టడం, రుసుము వేయడం స్థానిక సంస్థ అధికారంలో ఉన్నాయి.

మీకున్న హక్కు కూడా చిన్నదేం కాదు. ఆ సంస్థ అన్ని రకాల వాడకందార్ల ప్రయోజనాలనూ పరిగణించాలని చట్టంలోనే ఉంది. సమావేశాలు బహిరంగం. ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు, ముందుగా చర్చాంశాలు అడిగి తెచ్చుకోవచ్చు. కోటా కట్టే సమావేశానికి వందల ఎకరాల బాదం తోటలవాళ్ళు వకీళ్ళతో వస్తారు. చిన్న రైతులు రాకపోతే కోటా ఎవరికి అనుకూలంగా తయారవుతుందో ఊహించడం కష్టం కాదు. దయచేసి వెళ్ళండి.

కూర్చుని నీళ్ళ లెక్క చూసుకోవడం మనకు కొత్త విద్యేమీ కాదు. 2000ల్లో అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే తమ బోర్ల మట్టం కొలుచుకున్నారు. వాన ఎంత పడిందో రాసుకుని, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఏ పంట ఎంత వేయాలో చర్చించుకున్నారు. అక్కడ ఎవరూ జరిమానా వేయలేదు. నీటి లెక్క కళ్ళెదుట కనబడేసరికి చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు తిరిగారు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో మీటరు పెట్టమన్నప్పుడు కోపం రావడం సహజమే. అయినా మీ బోరు మట్టం మీ పుస్తకంలో రాసి ఉంటే కోటా వాదనలో మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

కాలువ నీళ్ళు వస్తున్నాయి. కరువు ఏడు అవి ఆపేస్తారా?

ఆపవచ్చు. పశ్చిమ రాష్ట్రాల్లో ముందు వాడుకున్నవాడిది ముందు హక్కు. కొరత వస్తే కొత్త హక్కులు మొదట కోతకు గురవుతాయి. కాలిఫోర్నియాలో 1914 డిసెంబరు తర్వాత పర్మిట్ మీద వచ్చిన హక్కులన్నీ అంతకు ముందున్న వాటి వెనకే నిలబడాలి. 2015 ఏప్రిల్ 1న సియెరా కొండల మంచు మామూలులో 5 శాతమే ఉంది. ఆ ఏడాది వేలాది హక్కుల మీద కోత పడింది. ఆదివాసీ తెగల రిజర్వేషన్లకు నీటి హక్కు రిజర్వేషన్ ఏర్పడిన నాటి నుంచే లెక్క అని 1908లో విన్టర్స్ కేసులో దేశ సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అవి చాలా హక్కుల కంటే ముందుంటాయి; అది న్యాయమైన తీర్పు. మీ కాలువ డిస్ట్రిక్టు హక్కు ఏ సంవత్సరం నాటిదో అడిగి రాసుకోండి. ఎండు ఏడులో మీ పంట ఎంత భద్రమో ఆ సంవత్సరాన్ని బట్టి తెలుస్తుంది.

డ్రిప్పుకు సాయం ఎవరిస్తారు? ఎంత ఇస్తారు?

దేశమంతా ఉన్నది ఈక్విప్ పథకం. 1996 ఫార్మ్ బిల్లుతో వచ్చింది. నడిపేది వ్యవసాయ శాఖలోని ఎన్‌ఆర్‌సీఎస్. మైదాన రాష్ట్రాల్లో దుమ్ము తుపానులు పొలాల మట్టిని ఎగరేసుకుపోయిన రోజుల్లో, 1935లో, నేల సంరక్షణ కోసం పుట్టిన సంస్థ అది. డ్రిప్పు, స్ప్రింక్లరు, భూమిలోపలి పైపులైను, తడి షెడ్యూలు, ప్లాస్టిక్ హై టనెళ్ళు వంటివన్నీ ఇందులోకి వస్తాయి. ఖర్చులో మామూలు రైతుకు 75 శాతం దాకా, పదేళ్ళు దాటని కొత్త రైతుకు, మాజీ సైనికుడైన రైతుకు, ఆదాయం తక్కువున్న రైతుకు 90 శాతం దాకా సాయం ఉండవచ్చు.

ఆ శాతం మీ బిల్లు మీద కాదు. ప్రతి పనికీ రాష్ట్రంలో ఎకరానికింత, అడుగుకింత అని ముందే కట్టిన రేటు ఉంటుంది. మీరు ఖరీదైన సామాను కొంటే తేడా మీదే. చవకగా చేయించుకుంటే మీకు లాభమే, కానీ పని వాళ్ళ ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి. అందిన డబ్బుకు 1099-జీ వస్తుంది, పన్ను లెక్కలో చూపాలి.

దరఖాస్తు ఏడాది పొడుగునా తీసుకుంటారు. ఎంపిక మాత్రం రాష్ట్రం ప్రకటించిన గడువుల్లో మార్కులు వేసి చేస్తారు, ముందు వచ్చినవాడికి ముందు అని కాదు. నీటి పొదుపు పనులకు సాధారణంగా గత అయిదేళ్ళలో కనీసం రెండేళ్ళు ఆ భూమిలో తడి పారి ఉండాలి. బీడు భూమి కొని మొదటి ఏడే డ్రిప్పు సాయం అడిగితే ఇక్కడే ఆగిపోవచ్చు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, మీ భూమికి ఏదైనా సరిపోతుందేమో మొదటి మాటలోనే అడగండి.

కాలిఫోర్నియాలో దీనికి తోడు స్వీప్ అనే రాష్ట్ర గ్రాంటు 2014 నుంచి ఉంది. నీటితో పాటు కరెంటు, డీజిలు కూడా తగ్గించే మోటార్లకు, తేమ సెన్సర్లకు, డ్రిప్పుకు ఇస్తారు. బడ్జెట్ ఉన్న ఏళ్ళలోనే దరఖాస్తులు పిలుస్తారు.

సామాను ఇప్పుడు రాయితీలో దొరుకుతోంది. కొని పరిచేసి తర్వాత బిల్లు పెట్టుకోవచ్చా?

వద్దు. ఒప్పందం మీద సంతకాలు పడకముందు మొదలుపెట్టిన పనికి ఈక్విప్ డబ్బు ఇవ్వదు. ముందుగా రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప ఈ నియమానికి సడలింపు లేదు. చిన్న రైతులు సాయం పోగొట్టుకునేది ఎక్కువగా ఈ తొందరలోనే.

మన వైపు అలవాటు వేరు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ నీటిపారుదల పథకం మొదలైనప్పటి నుంచి రైతు తన వాటా కడితే చాలు. మిగతాది సర్కారు నేరుగా కంపెనీకి చెల్లిస్తుంది, కంపెనీ మనుషులు వచ్చి లేటరల్ పైపులు పరిచి వెళతారు. ఇక్కడ పని మీరే చేయించాలి, డబ్బు మీరే ముందు పెట్టాలి. అధికారి వచ్చి కొలిచి సరే అన్నాక మీ ఖాతాలో పడుతుంది. ఆ మధ్య నెలలకు చేతిలో పైకం ఉండాలి. కొత్త రైతులకూ ఆదాయం తక్కువున్నవాళ్ళకూ ఒక వెసులుబాటు ఉంది: అంచనా మొత్తంలో కనీసం సగం ముందుగానే అడగవచ్చు. తీసుకున్నది 90 రోజుల్లో సామానుకో కూలికో ఖర్చు పెట్టాలి. ఈ మాట చాలా దరఖాస్తుల్లో ఎవరూ ఎత్తరు, మీరే ఎత్తండి. అవసరమైతే ఎఫ్‌ఎస్‌ఏ 50,000 డాలర్ల దాకా చిన్న అప్పు కూడా ఇస్తుంది.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. భూమి కొనవచ్చా? సాయం వస్తుందా?

కొనే విషయం రాష్ట్రాన్ని బట్టి. అయోవా, మిన్నెసోటా, ఓక్లహోమా వంటి రాష్ట్రాలు పౌరులూ స్థిర నివాసులూ కానివాళ్ళ వ్యవసాయ భూమి కొనుగోలుపై చాలా కాలంగా ఆంక్షలు పెట్టాయి. టెక్సస్‌లో 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన చట్టం చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకు సంబంధించినది. భారతదేశం ఆ జాబితాలో లేదు.

అందరూ మరిచిపోయేది 1978 నాటి సమాఖ్య చట్టం. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివాళ్ళు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోగా ఎఫ్‌ఎస్‌ఏ-153 అనే ఫారం నింపి ఎఫ్‌ఎస్‌ఏలో ఇవ్వాలి. మొత్తం 10 ఎకరాల లోపు ఉండి, పంట అమ్మకం ఏడాదికి 1,000 డాలర్లు దాటకపోతేనే మినహాయింపు. అమ్మినా, గ్రీన్‌కార్డు వచ్చినా మళ్ళీ 90 రోజుల్లో తెలియజేయాలి. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్ళవచ్చు. స్నేహితులంతా కలిసి ఎల్ఎల్‌సీ పెట్టి కొన్న చోట, వీసా మీదున్న ఒక్కరి వాటా 10 శాతమున్నా, అలాంటివాళ్ళందరి వాటా కలిపి సగమైనా, ఆ కంపెనీకీ ఈ నియమం వర్తిస్తుంది. ఇరవై ఎకరాలు అయిదుగురు పంచుకున్న కంపెనీలు మన వాళ్ళలో కొల్లలు. ఇంతవరకు ఫారం ఇవ్వలేదంటే ఆలస్యమైనా ఈ నెలలోనే ఇచ్చేయండి. ఆలస్యానికి పడే జరిమానా వారానికి విలువలో వెయ్యింట ఒక వంతు చొప్పున పెరుగుతుంది, అసలు ఇవ్వకపోవడం కంటే ఎంతో నయం.

సాయం సంగతి: ఎఫ్‌ఎస్‌ఏ అప్పులకు పౌరసత్వమో స్థిర నివాసమో ఉండాలి. ఈక్విప్ చెల్లింపులకు గ్రీన్‌కార్డు లేనివాళ్ళు భూమి, పెట్టుబడితో పాటు తమ ఒంటి శ్రమ కూడా పెద్ద ఎత్తున పెట్టినట్టు చూపాలి. హెచ్-1బీ మీద పని చేయగలిగేది వీసా తెచ్చిన యజమాని దగ్గరే. ఈ రెంటికీ పొసగదు. పంట అమ్మి రాబడి చూపే ముందు ఇమ్మిగ్రేషన్ వకీలుతో మాట్లాడండి. ఇంట్లో ఒకరికి గ్రీన్‌కార్డు ఉంటే సాగు వాళ్ళ పేరున నడపడం ఒక దారి.

భూమి కొనుక్కునే ఈ హక్కు ఉచితంగా రాలేదని కూడా గుర్తుంచుకోవాలి. 1913 కాలిఫోర్నియా చట్టం పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాసులకు వ్యవసాయ భూమి దక్కకుండా చేసింది. 1923లో సుప్రీంకోర్టు భారతీయులకు ఆ అర్హత లేదన్నాక కొలరాడో నది కాలువల మీద ఇంపీరియల్ లోయలో సాగు చేస్తున్న పంజాబీ రైతులు ఆ చట్టం కింద పడ్డారు, భూమి ఇతరుల పేర్ల మీద నడుపుకోవలసి వచ్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం పౌరసత్వానికి దారి తెరిచింది. ఆ లోయలోనే సాగు చేసిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు.

ఆసియా సంతతివాళ్ళకు 90 శాతం అని విన్నాను. ఇప్పటికీ ఉందా?

ఆ వర్గీకరణను వ్యవసాయ శాఖ 2025 జూలైలో ఆపేసింది. జాతి, లింగం ఆధారంగా అదనపు మేలు ఇకపై ఇవ్వబోమని ప్రకటించింది. పాత కరపత్రాలు, పాత వీడియోలు చూసి ఆశలు పెట్టుకోకండి. కొత్త రైతు, తక్కువ ఆదాయం, మాజీ సైనికుడు అన్న వర్గాలు వేరు, వాటిలో మీకు సరిపోయేది చూసుకోండి. కంపెనీ పేరున దరఖాస్తు పెడితే సభ్యులందరూ కొత్త రైతులై ఉండాలి, పదేళ్ళు దాటినవాళ్ళు ఒక్కరున్నా ఆ వర్గం పోతుంది.

నాది కౌలు పొలం. నాకు హక్కేమిటి?

కౌలురైతుకూ ఈక్విప్ ఉంది. ఒప్పందం ఎన్నేళ్ళో అన్నేళ్ళూ భూమి మీ చేతిలో ఉంటుందని చూపాలి, పైపులైను లాంటి స్థిరమైన పనికి యజమాని ఒప్పుకోలు సంతకం కావాలి. చిక్కంతా ఇక్కడే. ఫ్రెస్నో చుట్టూ చిన్న కమతాల్లో కూరగాయలు పండించే, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన హ్మాంగ్ కుటుంబాలు చాలావరకు ఏడాదికేడాది కౌలు మీద బతుకుతాయి. 2012లో మొదలైన కరువులో పాత లోతుతక్కువ బోర్లు ఒట్టిపోయినప్పుడు కొత్త బోరు యజమాని వేయడు, కౌలుదారు వేయలేడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విస్తరణ విభాగం మనుషులు వాళ్ళ భాషలోనే మాట్లాడి, గ్రాంటు దరఖాస్తులు దగ్గర కూర్చుని నింపించి, మోటార్ల సామర్థ్యం పరీక్ష చేయించి చాలామందిని గట్టెక్కించారు. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయానికీ అలాంటి విస్తరణ కార్యాలయం కౌంటీలో ఉంటుంది. కౌలు కాగితం రాసుకునేటప్పుడే మూడేళ్ళకు తగ్గకుండా రాయించుకోండి. బోరు మరమ్మతు ఎవరిదో, డ్రిప్పు సామాను చివరికి ఎవరికి చెందుతుందో కూడా అందులోనే రాయించండి. నోటిమాట మీద పైపు పరచకండి.

నా పంటకు ఎన్ని నీళ్ళు కావాలో ఎలా తెలుస్తుంది? దరఖాస్తులో అడుగుతున్నారు.

లెక్క కష్టం కాదు. ఎకరం మీద అంగుళం నీళ్ళంటే 27,154 గాలన్లు. నడివేసవిలో నిండా పెరిగిన కూరగాయల మడి రోజుకు పావు అంగుళం తాగుతుందనుకుందాం. మీది పావెకరం. పావులో పావు, అంటే పదహారో వంతు: సుమారు 1,700 గాలన్లు. డ్రిప్పులో పదో వంతు వృథా పోతుందనుకుంటే 1,890 గాలన్లు తోడాలి. అదే సాళ్ళ వెంట పారించి నలభై శాతం పోగొట్టుకుంటే 2,830. మీ బోరు నిమిషానికి 5 గాలన్లు ఇస్తుంటే మొదటిది ఆరు గంటల పైచిలుకు, రెండోది తొమ్మిదిన్నర గంటలు. ఆ మూడు గంటల తేడా మోటారు బిల్లులోనూ బోరు మట్టంలోనూ కనిపిస్తుంది. మీ ప్రాంతంలో రోజుకు ఎంత ఆవిరవుతోందో వాతావరణ కేంద్రాలు ఉచితంగా చెబుతాయి. కాలిఫోర్నియాలో సిమిస్ అనే కేంద్రాల వ్యవస్థ 1982 నుంచి ఈ పని చేస్తోంది.

డ్రిప్పు వేసినంత మాత్రాన పొదుపు రాదు. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళు లేటరల్‌లో ఎర్రటి జిగురు పేరుస్తాయి. సాలు మొదట్లో మొక్క నీళ్ళలో తేలుతుంటే చివర మొక్క వాడిపోతుంది. పది చోట్ల చుక్క కింద చిన్న గిన్నెలు పెట్టి అయిదు నిమిషాలు పట్టి చూడండి. ఒకదానికీ ఒకదానికీ పెద్ద తేడా ఉంటే ఫిల్టరు కడగాలి, సాలు చివరి మూత విప్పి పైపు ఝాడించాలి. తడి ఇచ్చిన మర్నాడు జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి, వేలితో తాకితే విడిపోతే సరిపోయినట్టే. ఇవన్నీ తేదీ వేసి రాసుకోండి, ఒప్పందంలో తడి షెడ్యూలు ఉంటే ఆ పుస్తకమే చూపాలి.

డ్రిప్పులోనే ఎరువు కలిపి వదలవచ్చా?

వదలవచ్చు. మోటారు ఆగినప్పుడు ఎరువు నీళ్ళు బోరులోకి వెనక్కి పోకుండా చెక్ వాల్వు ఉండాలి. చాలా రాష్ట్రాల్లో ఇది చట్టం. అదే బోరు నీళ్ళు తాగే ఇంట్లో పిల్లలుంటే చట్టం అడగకపోయినా పెట్టించండి.

కప్పు మీది వాన నీళ్ళు పట్టుకోవచ్చా?

టెక్సస్ ప్రోత్సహిస్తుంది, సామాను మీద అమ్మకపు పన్ను కూడా లేదు. కొలరాడోలో 2016 దాకా చాలా ఇళ్ళకు ఆ వీలే లేదు, ఇప్పుడు రెండు పీపాలు, మొత్తం 110 గాలన్ల దాకా. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 600 గాలన్లకు పైనే వస్తాయి. నారుమడికి అది పెద్ద ఆసరా.

ఇంత చేసినా ఎండకు పంట పోతే?

గోంగూరకో బీరకో మామూలు పంట బీమా చాలా కౌంటీల్లో దొరకదు. అలాంటి పంటల కోసమే ఎఫ్‌ఎస్‌ఏలో ఎన్‌ఏపీ ఉంది. పంట వేసే ముందటి గడువులోగా చేరాలి. పంటకు 325 డాలర్ల రుసుము, కొత్త రైతులకూ ఆదాయం తక్కువున్నవాళ్ళకూ అదీ లేదు. దిగుబడి సగానికి పైగా పోతే, ఆ పైన పోయినదానికి మార్కెట్ ధరలో 55 శాతం చొప్పున ఇస్తారు. చేత్తో కోసే కూరగాయలకు నష్టం కనబడిన 72 గంటల్లో తెలియజేయాలి. వారాంతంలో పొలానికి వెళ్ళే వాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. శనివారం వాడిన మడి చూసి పై శనివారానికి ఫోన్ చేస్తే గడువు దాటిపోయినట్టే. ఏడాది రాబడి మూడున్నర లక్షల డాలర్ల లోపున్నవాళ్ళకు మైక్రో ఫార్మ్ అనే బీమా కూడా ఉంది. అన్ని పంటలనూ కలిపి ఒకే పాలసీ కింద కాస్తుంది.

కార్యాలయంలో కాదన్నారు. ఇంక దారి లేదా?

ఉంది. ముందుగా, మీరు అడిగిన దానికి, వాళ్ళు చెప్పిన దానికి రసీదు ఇమ్మనండి. 2014 ఫార్మ్ బిల్లు నుంచి అది ఇవ్వడం వాళ్ళ బాధ్యత, అడగడం మీ హక్కు. నల్లజాతి రైతులు దశాబ్దాల పాటు ఇవే కౌంటర్ల దగ్గర నోటిమాటతో వెనక్కి పంపబడ్డారు. వాళ్ళు వేసిన పిగ్‌ఫర్డ్ దావా 1999లో పరిష్కారానికి వచ్చింది. 2024 జూలైలో, అప్పుల్లో వివక్షకు గురైన 43,000 మందికి పైగా రైతులకు దాదాపు 200 కోట్ల డాలర్లు అందాయి. ఈ రసీదు నియమం వెనుక అంత బాధ ఉంది. మొహమాటపడి దాన్ని వదులుకోకండి.

మీరు ఇచ్చిన పొలం వివరాలు బయటివాళ్ళకు ఇవ్వకూడదని 2008 ఫార్మ్ బిల్లు 1619వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి బోరు లెక్కలు నిజాయితీగా చెప్పడానికి భయపడనక్కర్లేదు. మీరు ఊళ్ళో ఉండకపోతే ఎఫ్‌ఎస్‌ఏ-211 ఫారంతో భార్యకో భర్తకో అన్నదమ్ములకో మీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇవ్వవచ్చు.

తిరస్కారం ఉత్తరంగా వస్తే అందులో కారణమూ, అప్పీలు చేసుకునే దారులూ ఉంటాయి. అదే కార్యాలయాన్ని మళ్ళీ చూడమని అడగవచ్చు, మధ్యవర్తిని కోరవచ్చు, లేదా వ్యవసాయ శాఖలోనే స్వతంత్రంగా పనిచేసే జాతీయ అప్పీళ్ళ విభాగానికి వెళ్ళవచ్చు. 1994లో ఏర్పడిన ఆ విభాగం ముందు వకీలు తప్పనిసరి కాదు. మీరే మీ నీటి పుస్తకం, రసీదులు, ఫోటోలు పెట్టి వాదించుకోవచ్చు. గడువు 30 రోజులు, ఉత్తరం మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క. కవరు పారేయకుండా అందిన తేదీ దాని మీదే రాసి, ఉత్తరంతో కలిపి దాచండి.